ఇంట్లో పేషెంట్‌కి నర్సు, ఆయమ్మ, కేర్‌టేకర్‌ని పెట్టుకునేవాళ్ళకి వచ్చే డౌట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, హైదరాబాద్‌లో ఇళ్ళకి వెళ్ళి ఎక్సర్‌సైజులు చేయిస్తుంటాను. స్ట్రోక్ వచ్చినవాళ్ళు, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు ఎక్కువ. ఏ ఇంటికెళ్ళినా ఎక్సర్‌సైజుల గురించి అడిగేది తక్కువ, లిఫ్ట్ దాకా వెనకే వచ్చి గొంతు తగ్గించి "మా ఆయమ్మ బానే చూస్తోందంటారా" అని అడిగేది ఎక్కువ. అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని అన్నీ ఒకచోట రాసి పెట్టాను, మీకు కావాల్సింది మాత్రం చదువుకోండి.

## మనిషిని పెట్టుకునే ముందు

ఎల్లుండి డిశ్చార్జ్ అంటున్నారు, మాకు నర్సు కావాలా, ఆయమ్మ చాలా?

జబ్బు పేరుని బట్టి కాదు, చేయాల్సిన పనుల్ని బట్టి చూసుకోవాలి. స్నానం, డైపర్ మార్చడం, తినిపించడం, పక్కకి తిప్పడం, నడిపించడం ఇవన్నీ ట్రైనింగ్ ఉన్న అటెండెంట్ చేయొచ్చు. ఇంజెక్షన్, సెలైన్, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వెళ్ళే గొట్టం) వేయడం, యూరిన్ కాథెటర్ (మూత్రం గొట్టం) మార్చడం, గొంతులో ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం పెట్టిన రంధ్రం) ఉంటే సక్షన్ (మిషన్‌తో కఫం లాగడం) చేయడం, లోతు పుండుకి డ్రెస్సింగ్ ఇవి నర్సు పనులు. రైల్స్ ట్యూబ్‌లో పాలు, జావ పోయడం నేర్పిస్తే అటెండెంట్ కూడా చేస్తుంది, కానీ ట్యూబ్ బయటికి వచ్చేస్తే మళ్ళీ లోపలికి తొయ్యడం మాత్రం ఆమె చేత చేయించకూడదు. డిశ్చార్జ్ ముందు రోజే వార్డు సిస్టర్ దగ్గర కూర్చుని "ఇంట్లో రోజూ చేయాల్సిన పనులేంటి" అని ఒక కాగితం మీద రాయించుకోండి, ఆ కాగితమే మీ సమాధానం. చాలా ఇళ్ళలో రోజంతా అటెండెంట్ ఉండి, డ్రెస్సింగ్‌కో కాథెటర్‌కో నర్సు విజిట్‌కి వస్తే సరిపోతుంది, 24 గంటలూ నర్సు అక్కర్లేదు. ఖర్చు కలిసొస్తుందని ఆయమ్మ చేత ఇన్సులిన్ పొడిపించేవాళ్ళూ ఉన్నారు, అది మాత్రం అస్సలు వద్దు.

ఏజెన్సీ వాళ్ళు "మా దగ్గర అందరూ నర్సులే" అంటారు, నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

సర్టిఫికెట్ అడగండి, మొహమాటం వద్దు. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్ళు, జీఎన్ఎం 3 ఏళ్ళు, ఏఎన్ఎం 2 ఏళ్ళు, వీళ్ళకి స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. కేరళ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్ళకి వాళ్ళ రాష్ట్రం రిజిస్ట్రేషన్ ఉండొచ్చు, పేరు, ఫోటో, వ్యాలిడిటీ డేట్ చూడండి. జీడీఏ అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, కొన్ని నెలల కోర్సు, పని బాగా వచ్చినవాళ్ళు ఇందులో బోలెడంత మంది ఉన్నారు కానీ వాళ్ళు నర్సులు కాదు.

కాగితం కాకుండా ఇంకో టెస్టు కావాలంటే, ఇన్సులిన్ వాడే పేషెంట్ ఉంటే ఎర్ర మూత సిరంజీకి, ఆరెంజ్ మూత సిరంజీకి తేడా అడగండి. ఎర్రది యూ-40 (మిల్లీలీటర్‌కి 40 యూనిట్లు), ఆరెంజ్‌ది యూ-100 (మిల్లీలీటర్‌కి 100 యూనిట్లు). యూ-100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజీతో తీస్తే అదే గీత దగ్గర రెండున్నర రెట్ల డోసు వెళ్ళిపోతుంది, షుగర్ దబ్బున పడిపోతుంది. నర్సింగ్ చదివినవాళ్ళు ఈ ప్రశ్నకి ఆలోచించకుండా జవాబు చెప్తారు.

ఏజెన్సీకి గవర్నమెంట్ లైసెన్సు ఉంటుందా? ఏది అడగాలి?

షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబర్ చూపిస్తారు. అవి వ్యాపారం ఉందని చెప్తాయి, పేషెంట్‌ని బాగా చూస్తారని చెప్పవు. 2007 నాటి తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల సంరక్షణ చట్టాన్ని మార్చడానికి 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లులో హోమ్ కేర్ సర్వీసుల మాట కూడా ఉంది గానీ అది చట్టం కాలేదు. కాబట్టి చూసుకోవాల్సింది మనమే. అక్రెడిటేషన్ (నాణ్యతకి బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు) విషయానికొస్తే క్వాలిటీ అండ్ అక్రెడిటేషన్ ఇన్‌స్టిట్యూట్, జేసీఐ లాంటి సంస్థలు హోమ్ కేర్‌కి విడిగా ప్రమాణాలు పెట్టాయి, తీసుకోవాలా వద్దా అన్నది ఏజెన్సీ ఇష్టం. ఉంటే మంచిదే. మామూలు బ్యూరోల్లో ఉండదు, లేదని వాళ్ళని కొట్టి పారేయక్కర్లేదు.

పెద్ద కంపెనీ మంచిదా, గల్లీలో బ్యూరో మంచిదా, తెలిసినవాళ్ళ ద్వారా డైరెక్ట్‌గా పెట్టుకుంటే మంచిదా?

నిజం చెప్పాలంటే మనుషులు వాళ్ళే, ఈ నెల కంపెనీ టీషర్ట్‌తో కనిపించిన అమ్మాయి మూడు నెలల తర్వాత ఇంకో ఇంట్లో బ్యూరో తరఫున కనిపిస్తుంది. ఏజెన్సీకి మీరు అదనంగా కట్టే డబ్బు రెండిటికోసం: మనిషి రాకపోతే ఇంకొకర్ని పంపడం, పైనుంచి ఒక నర్సు వచ్చి పని ఎలా జరుగుతోందో చూడడం. ఈ రెండూ లేకపోతే అది బ్రోకరేజీ అంతే. డైరెక్ట్‌గా పెట్టుకుంటే డబ్బంతా ఆ మనిషికే వెళ్తుంది, ఎక్కువ కాలం నిలబడతారు కూడా, కానీ సంక్రాంతికి ఊరెళ్ళి ఫోన్ ఎత్తకపోతే లీవు పెట్టి మీరే కూర్చోవాలి. ఇంట్లో ఇంకో ఇద్దరు చేతికి అందేవాళ్ళుంటే డైరెక్ట్, ఎవరూ లేకపోతే ఏజెన్సీ, నా లెక్క అది.

తక్కువ రేటు చెప్పినవాళ్ళని తీసుకోవచ్చా?

తీసుకోండి, కానీ అందులో ఆ అమ్మాయి చేతికి ఎంత వెళ్తుందో అడగండి. మీరు ఇచ్చేదాంట్లో సగం కూడా ఆమెకి చేరకపోతే ఇంకో ఇంట్లో కాస్త ఎక్కువిస్తామనగానే వెళ్ళిపోతుంది, మీకు మళ్ళీ కొత్త మనిషి, మళ్ళీ మొదటినుంచి.

## ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు

ఫోన్లో ఏం అడిగితే వీళ్ళ అసలు సంగతి తెలుస్తుంది?

"బాగా చూస్తారా" అని అడిగితే ఎవరైనా చూస్తామనే అంటారు. "రాత్రి రెండింటికి మా అమ్మ బాత్రూంలో పడితే మీ అమ్మాయి ముందు ఏం చేస్తుంది, మీలో ఎవరికి ఫోన్ చేస్తుంది, ఆ టైంకి ఎత్తుతారా" అని అడగండి. "మీ సూపర్‌వైజర్ ఇంటికి ఎన్నాళ్ళకోసారి వస్తారు, ఆవిడ నర్సేనా" అని అడగండి. "పొద్దున ఎనిమిదికి రావాల్సిన మనిషి రాలేదు, ఎన్ని గంటల్లో ఇంకొకరు వస్తారు" అని అడగండి.

అంతకంటే ముఖ్యం, వాళ్ళు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో వినండి. పేషెంట్ బరువెంత, లేచి నిలబడగలరా, మింగడంలో ఇబ్బంది ఉందా, ఇప్పటికే పుండ్లు ఉన్నాయా, డిశ్చార్జ్ సమ్మరీ వాట్సాప్ చేస్తారా, ఇంట్లో ఇంకెవరుంటారు, ఇవన్నీ అడిగితే పని తెలిసినవాళ్ళు. అడ్రస్, ఎప్పట్నుంచి కావాలి, అడ్వాన్స్ ఎప్పుడు కొడతారు ఈ మూడే అడిగితే మీకర్థమైపోవాలి.

అగ్రిమెంట్‌లో ఏ లైన్లు జాగ్రత్తగా చదవాలి?

డిపాజిట్ తిరిగి ఎప్పుడిస్తారు, మధ్యలో పేషెంట్ హాస్పిటల్‌లో చేరితే ఆ రోజులకి డబ్బు కట్టాలా, మనిషిని మార్చమంటే మళ్ళీ రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారా, పండగ రోజు డబుల్ ఛార్జా, జీఎస్టీ కలిపి చెప్పారా విడిగానా, అదే మనిషిని తర్వాత డైరెక్ట్‌గా పెట్టుకుంటే పెనాల్టీ ఎంత, ఇవి చూడండి. చేయాల్సిన పనుల లిస్టు అగ్రిమెంట్‌కి జత చేయించండి, లేకపోతే రెండో వారంలో "మేడమ్, స్నానం మా డ్యూటీలో లేదు" అంటారు. చివర్లో చిన్న అక్షరాల్లో "ఏ నష్టానికీ సంస్థ బాధ్యత వహించదు" అని దాదాపు అందరూ రాస్తారు, అది సంతకం చేశారని కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్ళే దారి మూసుకుపోదు.

పోలీస్ వెరిఫికేషన్ అయిందంటున్నారు, నమ్మొచ్చా?

నోటి మాట కాదు, కాగితం చూపించమనండి, దాని మీద డేట్, ఏ అడ్రస్‌కి చేశారో చూడండి. మూడేళ్ళ కిందటి పాత అడ్రస్ కాగితం ఉంటే ఉపయోగం లేదు. ఆధార్ జిరాక్స్ తీసుకుని ఊరుకోకుండా దాని మీదున్న క్యూఆర్ కోడ్‌ని ఆధార్ సంస్థ యాప్‌లో స్కాన్ చేయండి, పేరు, ఫోటో అక్కడికక్కడే సరిపోల్చుకోవచ్చు. సొంతూళ్ళో ఇంటివాళ్ళ నంబర్ ఒకటి తీసుకుని ఒకసారి మాట్లాడండి. వెరిఫికేషన్‌లో తెలిసేది కేసులున్నాయా లేదా అన్నది మాత్రమే, మనిషి ఓపిక, చేతివాటం అందులో రావు. అవి తెలియాలంటే ఆమె ఇంతకుముందు పనిచేసిన ఇంటికి ఫోన్ చేసి "ఎందుకు మానేసింది" అని ఒక్క ముక్క అడగండి.

తెలుగు రాని అమ్మాయిని పంపారు, పర్లేదా?

పేషెంట్‌కి హిందీ వస్తే పర్లేదు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకైతే భాష చాలా ముఖ్యం, అర్థం కాని మాటలు మాట్లాడే కొత్త మనిషి వచ్చి బట్టలు విప్పుతుంటే వాళ్ళు భయపడి కొడతారు, దాన్ని "అగ్రెసివ్ పేషెంట్" అని రాసేస్తారు. వేరే దారి లేకపోతే నొప్పి, మంట, తిమ్మిరి, కళ్ళు తిరుగుతున్నాయి, ఆయాసం, దాహం, ఒంటికి, రెంటికి ఇలాంటి మాటలు ఆమె చదవగలిగే లిపిలో రాసి మంచం పక్కన అంటించండి. పెద్దాయన "గుండెల్లో పట్టేసినట్టుంది" అంటే ఆ మాట ఆమెకి తెలియకపోవడం చిన్న విషయం కాదు.

నాన్నగారికి మగ కేర్‌టేకరే కావాలా?

ముందు ఆయన్ని అడగండి, ఆ మాట ఎవరూ అడగరు. బరువు ఎక్కువున్నవాళ్ళని ఎత్తి కూర్చోబెట్టాలంటే మగవాళ్ళు సుఖం. ఇంట్లో ఇంకెవరూ లేకుండా ఒంటరి మగ పేషెంట్ దగ్గర రాత్రి డ్యూటీకి అమ్మాయిని పంపలేమని ఏజెన్సీ అంటే వాళ్ళది తప్పు కాదు.

## మొదటి వారం

మొదటి రోజు మేం ఇంట్లో ఉండాలా? ఆఫీసుకి లీవు లేదు.

రెండు మూడు రోజులైనా ఎవరో ఒకరు ఉండాలి. మంచం, బాత్రూం, మందుల డబ్బా చూపించడానికే కాదు, పేషెంట్ ముందు ఆమెని పేరు పెట్టి పరిచయం చేయడానికి. లీవు దొరక్కపోతే శనివారం నుంచి మొదలుపెట్టండి.

ఆమెకి పని వచ్చో రాదో ఎలా కనిపెట్టాలి? మాకు మెడికల్ ఏమీ తెలియదు.

మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు పక్కన నిలబడి చూడండి, ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. పని వచ్చిన మనిషి ముందు వీల్‌చెయిర్ బ్రేకులు వేస్తుంది, ఫుట్‌రెస్టులు పక్కకి తీస్తుంది, పేషెంట్‌కి బలమున్న వైపు కుర్చీ పెడుతుంది. మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి కళ్ళు తిరుగుతున్నాయేమో అడుగుతుంది, పాదాలు నేలకి ఆనాయో లేదో చూస్తుంది, "అమ్మా, లేపుతున్నా, ముందుకి వంగండి" అని చెప్పి నడుం దగ్గర పట్టుకుని లేపుతుంది. పని రాని మనిషి రెండు చంకల కింద చేతులు పెట్టి గుంజుతుంది, లేకపోతే చెయ్యి పట్టుకుని లాగుతుంది. పక్షవాతం వచ్చిన చేతిని అలా లాగితే భుజం కీలు జారుతుంది. ఆ నొప్పితో నెలలు పోతాయి, నేను చేయించే ఎక్సర్‌సైజులు కూడా ఆగిపోతాయి, అందుకే నాకు ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది.

రెండోది తినిపించడం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిన్న స్పూన్‌తో పెట్టి, మింగాక ఇంకోటి పెట్టాలి. స్ట్రోక్ వచ్చినవాళ్ళకి పడిపోయిన వైపు బుగ్గలో అన్నం ముద్ద అలాగే ఉండిపోతుంది, తిన్నాక నోరు తెరిపించి చూస్తే ఆమెకి తెలిసినట్టు. పడుకోబెట్టి నోట్లో పోస్తుంటే ఆ క్షణమే ఆపించండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. రైల్స్ ట్యూబ్ ఫీడింగ్ అయినా తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, అయిపోయాక కనీసం అరగంట అలాగే ఉంచాలి.

మూడోది డైపర్ మార్చాక చేతులు సబ్బుతో కడుక్కుందా, గ్లౌజ్ తీసేసిందా, లేక అదే గ్లౌజ్‌తో తలుపు గడియ, ఫోన్, నీళ్ళ బాటిల్ పట్టుకుందా. ఇది చూడటానికి ఏ చదువూ అక్కర్లేదు.

బుక్కులో రాయడం అవసరమా? రోజూ వాట్సాప్‌లో ఫోటోలు పెడుతున్నారు కదా?

ఫోటో బావుంటుంది, జుట్టు దువ్వి బొట్టు పెట్టి తీస్తారు. బుక్కు కావాలి, టైముతో సహా: ఏ టాబ్లెట్ ఎప్పుడు, బీపీ, షుగర్, ఎంత తిన్నారు, యూరిన్, మోషన్, ఎప్పుడు పక్కకి తిప్పారు. వారం రోజులూ బీపీ 120/80 అనే ఉందంటే చూడకుండా రాసినట్టే, మనిషి బీపీ అలా ఉండదు. రోజంతా రాసిందంతా ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క కొట్టివేత లేదంటే సాయంత్రం కూర్చుని రాసింది. డిజిటల్ బీపీ మిషన్లలో, గ్లూకోమీటర్లలో చాలావాటికి మెమరీ ఉంటుంది, బటన్ నొక్కితే పాత రీడింగులు టైముతో వస్తాయి, వారానికోసారి బుక్కుతో సరిచూడండి. ముందు మిషన్‌లో టైము, డేటు కరెక్ట్‌గా సెట్ చేసి ఉంచండి, లేకపోతే పాపం నిజంగా చూసినామెని కూడా అనుమానించాల్సొస్తుంది.

సీసీ కెమెరా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఆమెకి చెప్పి పెట్టండి. బాత్రూం, ఆమె పడుకునే చోటు, బట్టలు మార్చుకునే చోటు కనపడకూడదు. అలాంటి చోట ఆడమనిషిని చాటుగా చూడటం, రికార్డ్ చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మీ అమ్మకి డైపర్ మారుస్తున్నది అమెరికాలో ముగ్గురు, బెంగుళూరులో ఇద్దరు ఫోన్లో చూసేలా పెట్టడం ఆవిడకి మర్యాదా అని కూడా ఆలోచించండి. హాలు, గుమ్మం, మంచం తల వైపు చాలు. కెమెరాలో మనిషి ఉందా లేదా తెలుస్తుంది, మడమ మీద పుండు కనిపించదు.

## రోజూ చూసుకోవాల్సినవి

బాగా చూస్తున్నారని దేన్ని బట్టి అనుకోవాలి?

పేషెంట్ ఒంటిని బట్టి. నేను స్ట్రోక్ పేషెంట్ ఇంటికెళ్తే ముందు బిగుసుకుపోయిన చేతి గుప్పిట మెల్లిగా తెరుస్తాను. లోపల శుభ్రంగా పొడిగా ఉండి గోళ్ళు కత్తిరించి ఉంటే మిగతాది అడగక్కర్లేదు. మురికి పట్టి, తెల్లగా నాని, వాసన వస్తుంటే ఆ చేతిని చాలా రోజులుగా ఎవరూ తెరవలేదని అర్థం, పైన ఎంత పౌడర్ రాసినా సరే.

మీరు వారానికోసారి ఇలా చూడండి. నడుం కింద తోక ఎముక దగ్గర, తుంటి పక్కన, మడమలు, చీలమండలు, ఆక్సిజన్ పైపు ఉంటే చెవుల వెనక ఎరుపు ఉందా. ఉంటే వేలితో నొక్కి వదలండి, తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పర్లేదు, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. నలుపు చర్మం మీద ఎరుపు తెలియదు, అక్కడ వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడండి. నోరు తెరిపించి నాలుక చూడండి, ఎండిపోయి తెల్లగా పూత ఉంటే నీళ్ళు చాలట్లేదు, నోరు కడగట్లేదు. కట్టుడు పళ్ళు రాత్రి తీసి కడుగుతున్నారా చూడండి. యూరిన్ బ్యాగ్ నేల మీద పడేసి ఉండకూడదు, పేషెంట్ పడుకున్న ఎత్తు కంటే పైకి ఎత్తకూడదు. నెలకోసారి బరువు చూడండి, కుదరకపోతే జాకెట్టు, గాజులు వదులవుతున్నాయా అన్నది చాలు.

ఇవన్నీ చెప్పకుండా వెళ్ళి చూడాలి, అదీ రోజూ ఒకే టైముకి కాదు.

బెడ్ సోర్ వచ్చింది, ఆయమ్మదే తప్పా?

అన్నిసార్లూ కాదు. షుగర్, ప్రోటీన్ తక్కువ తిండి, జ్వరం, ఎప్పుడూ తడిగా ఉండటం ఇవి కూడా కారణాలే, బాగా చూసినా కొందరికి వస్తాయి. తప్పు తేలేది ఎక్కడంటే, ఎర్రగా ఉన్నప్పుడే చూసి చెప్పిందా, లేక చర్మం ఊడి చీము వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదా. ఎయిర్ బెడ్ కొన్నాం కదా తిప్పక్కర్లేదు అనుకుంటారు, అది ఉన్నా తిప్పాల్సిందే, మామూలుగా రెండు గంటలకోసారి అని చెప్తారు. ఎర్రబడ్డ చోట మసాజ్ చేయకూడదు, గుండ్రటి ట్యూబ్ దిండు పెట్టకూడదు, ఈ రెండూ మన ఇళ్ళలో బాగా అలవాటు. మడమలు గాల్లో ఉండేలా పిక్కల కింద దిండు పెట్టించండి.

టాబ్లెట్లు సరిగ్గా వేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

వారానికి సరిపడా గళ్ళ డబ్బాలో మీరే సర్దండి, ఖాళీ స్ట్రిప్పులు పారేయొద్దని చెప్పండి, ఆదివారం లెక్కపెట్టండి. డాక్టర్ మందు మార్చినప్పుడు పాత స్ట్రిప్ ఇంట్లోంచి తీసేయండి, రెండు కంపెనీల పేర్లతో ఒకే బీపీ మందు రెండూ వేసేసిన ఇళ్ళున్నాయి. ట్యూబ్‌లో వేయడానికి అన్ని టాబ్లెట్లూ పొడి కొట్టకూడదు, పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్ అని ఉన్నవి మెల్లిగా కరగాల్సినవి, పొడి చేస్తే రోజంతటి డోసు ఒకేసారి ఒంట్లోకి పోతుంది. డాక్టర్‌ని అడిగి వేరే రూపంలో రాయించుకోండి.

నాన్న ఎప్పుడు చూసినా మత్తుగా పడుకునే ఉంటున్నారు, నిద్రమాత్ర ఇస్తున్నారా?

ముందు డాక్టర్, తర్వాతే అనుమానం. షుగర్ పడిపోయినా, సోడియం తగ్గినా, యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, కొత్త మందు పడకపోయినా, తలలో ఏదైనా జరిగినా పెద్దవాళ్ళు ఇలాగే మత్తుగా ఉంటారు, జ్వరం కూడా ఉండకపోవచ్చు. అన్నీ మామూలుగా ఉన్నాయంటే అప్పుడు నిద్రమాత్రలు, దగ్గు సిరప్‌లు లెక్క చూడండి. ఆమె సెలవులో ఉన్న రోజు చురుగ్గా ఉండి, వచ్చాక మత్తుగా ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు, మనిషిని మార్చేయండి.

24 గంటల మనిషిని పెట్టాం, రాత్రి పడుకుంటోంది. కంప్లైంట్ చేయాలా?

పడుకోకుండా ఎవరుంటారండీ? 24 గంటల మనిషి అంటే ఇంట్లోనే ఉండే మనిషి అని, మేలుకుని ఉండే మనిషి అని కాదు. రాత్రి ఒకటి రెండుసార్లు లేవడం సరే, దాంతో కలిపి రోజులో ఆరేడు గంటలైనా నిద్ర ఉండాలి. రాత్రంతా రెండు గంటలకోసారి తిప్పాలి, సక్షన్ చేయాలి అంటే 12 గంటల షిఫ్టులో ఇద్దరు కావాల్సిందే, ఒక్కరితో లాగించడం పేషెంట్‌కే ప్రమాదం. నిద్ర లేని మనిషే మందు తప్పు వేస్తుంది, నిద్ర లేని మనిషే చెయ్యి జార్చేస్తుంది.

ఇంకోటి, ఆమె చేత వంట, అంట్లు, మనవల స్కూల్ బ్యాగులు కూడా చేయిస్తుంటారు. డైపర్ తీసిన చేతులే కూర తరగడం మీకు ఇష్టమా? ఆమెకి విడిగా పడుకునే చోటు, వేళకి తిండి, వారానికో రోజు సెలవు ఇవ్వండి. సెలవు రోజుకి ఎవరొస్తారో ముందే మాట్లాడుకోండి.

నీరసంగా ఉందని ఇంట్లోనే సెలైన్ పెట్టించొచ్చా?

డాక్టర్ రాసిన చీటీ లేకుండా వద్దు. గుండె, కిడ్నీ పేషెంట్లకి ఒక్క బాటిల్ ఎక్కువైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. నరానికిచ్చే యాంటీబయాటిక్ అయితే మొదటి డోసు హాస్పిటల్లోనే వేయించుకుని మిగతావి ఇంట్లో పెట్టించుకోండి, రియాక్షన్ వస్తే నిమిషాల్లో చూడాలి కదా. వాడిన సూదులు మూత గట్టిగా ఉండే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి హాస్పిటల్‌కో, వచ్చే నర్సుకో ఇవ్వండి, చెత్త ఆటోలో వేస్తే అక్కడ చేత్తో ఏరేవాళ్ళకి గుచ్చుకుంటాయి.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది, కేర్‌టేకర్‌కి ఏం చెప్పాలి?

ఆ గదిలో దీపం, అగరబత్తి, దోమల కాయిల్, సిగరెట్ ఏవీ వద్దు, పైపు పెట్టుకుని వంటింట్లోకి రావద్దు. పెదాలు ఎండుతున్నాయని వాజెలిన్ రాయొద్దు, నీళ్ళతో చేసిన జెల్ వాడాలి. ఆయాసంగా ఉందని ఆమె అంతట ఆమె లీటర్లు పెంచకూడదు, ముఖ్యంగా సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్ళకి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి, ఇన్వర్టర్ లాగుతుందా, పక్కన సిలిండర్ ఉందా, దాని తాళం చెవి ఎక్కడుంది.

మేం అమెరికాలో, అమ్మ ఒక్కతే విజయవాడలో. ఇంత దూరం నుంచి ఎలా చూసుకోవాలి?

అక్కడ ఒక మనిషి ఉండాలి, దానికి ప్రత్యామ్నాయం లేదు. పిన్ని కొడుకో, కింద ఫ్లాట్ ఆంటీయో, చెప్పకుండా ఎప్పుడంటే అప్పుడు లోపలికెళ్ళి దుప్పటి తీసి చూసే చనువు ఉన్నవాళ్ళు. ఏజెన్సీకి వాళ్ళ పేరు రాతపూర్వకంగా ఇవ్వండి. వీడియో కాల్‌లో "అమ్మా బావున్నావా" అంటే బావున్నాననే అంటుంది, పక్కన ఆయమ్మ ఉంటుంది మరి. ఆయమ్మ బట్టలు ఆరేయడానికి మేడ మీదికెళ్ళే టైము కనుక్కుని అప్పుడు చేయండి, "నిన్న రాత్రి ఏం తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు, నిన్ను ఎవరు లేపారు" అని అడగండి. మడమలు చూపించమనండి. ఏదైనా అనుమానమొచ్చి ఎవరినడగాలో తెలియకపోతే సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది.

డబ్బు, బంగారం విషయంలో ఏం జాగ్రత్తలు?

ఏటీఎం పిన్, యూపీఐ పిన్ చెప్పొద్దు, సరుకులకి చిన్న మొత్తం విడిగా ఇచ్చి లెక్క రాయించండి. నగలు లాకర్లో పెట్టేయండి. బీరువా తాళం దిండు కింద పెట్టి మనుషుల్ని పరీక్షించడం మాత్రం వద్దు.

## ఏదైనా తేడా వస్తే

అమ్మ చేతి మీద నీలం మచ్చలు కనిపిస్తున్నాయి. కొడుతున్నారా?

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి, ముసలి చర్మానికి చిన్న ఒత్తిడికే మచ్చలొస్తాయి, ముంజేతి మీద అయితే ఎక్కువగా అవే. కానీ భుజం లోపలి వైపు వేళ్ళ ఆకారంలో, రెండు మణికట్టుల చుట్టూ, తొడ లోపల ఉంటే వేరే సంగతి. ఆమె దగ్గరికి రాగానే అమ్మ ముడుచుకుపోతోందా, మాట ఆపేస్తోందా చూడండి. డేట్ కనిపించేలా ఫోటోలు తీయండి, డాక్టర్‌కి చూపించి రాయించుకోండి, ఆ రోజే మనిషిని మార్చండి, రుజువు దొరికేదాకా ఆగక్కర్లేదు. ఖాయంగా తెలిస్తే 112కి ఫోన్ చేయండి, ఏజెన్సీతో "లోపల్లోపల సెటిల్" చేసుకుంటే ఆమె వచ్చే సోమవారం ఇంకొకరి అమ్మ దగ్గర ఉంటుంది.

పొద్దున పడిపోతే సాయంత్రం దాకా చెప్పలేదు, ఏం చేయాలి?

ముందు పేషెంట్. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే అనుకుని నిలబెట్టకుండా 108కి చేయండి. తలకి దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే బాగానే కనిపించినా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. తర్వాత ఆమెతో మాట్లాడండి. దాచడానికి కారణం చాలాసార్లు భయం, ఏజెన్సీ వాళ్ళు జీతం కోస్తారని. "పడితే తప్పు కాదు, దాస్తే తప్పు" అని మొదటి రోజే చెప్పి ఉంచండి. రెండోసారి కూడా దాస్తే పంపించేయండి.

ఎమర్జెన్సీలో ఆమెకి కనీసం ఏం తెలిసుండాలి?

108, మీ నంబర్, హాస్పిటల్ పేరు, మందుల లిస్టు ఫ్రిజ్ మీద అంటించి ఉండాలి. షుగర్ 70 కంటే తగ్గితే, మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఎన్నింటికి మొదలైందో టైము గుర్తుపెట్టుకుని వెంటనే 108. ఇవి స్ట్రోక్ లక్షణాలు, మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటల లోపే టైము, అందుకని "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అని చూడకూడదు.

ఏజెన్సీ మీద ఎక్కడ కంప్లైంట్ చేయాలి?

ముందు ఏజెన్సీకే ఈమెయిల్‌లో రాయండి, ఫోన్‌లో అరిస్తే రికార్డు ఉండదు. జవాబు లేకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు. రిజిస్టర్డ్ నర్సు చేసిన తప్పయితే నర్సింగ్ కౌన్సిల్‌కి, దొంగతనం, కొట్టడం అయితే పోలీసులకి. రసీదులు, రోజువారీ బుక్కు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి.

మా పెద్దాయన కేర్‌టేకర్ మీద చేతులేస్తున్నారట, ఏం చేయాలి?

ఆమె చెప్పిందంటే ముందు నమ్మండి. డిమెన్షియాలో ఇలాంటి ప్రవర్తన కొందరికి వస్తుంది, డాక్టర్‌కి చెప్తే మార్గం ఉంటుంది, మగ కేర్‌టేకర్‌కి మారండి. జబ్బు లేకుండా చేస్తుంటే అది వేధింపే, పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల్ని ఆపే 2013 చట్టం కింద ఇల్లు కూడా పనిచేసే చోటే, జిల్లాలో లోకల్ కమిటీకి ఆమె కంప్లైంట్ ఇవ్వొచ్చు.

ఇంక ట్రీట్‌మెంట్ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. మామూలు కేర్‌టేకర్ చాలా?

క్యాన్సర్ లాంటివాటిలో నొప్పి, ఆయాసం తగ్గించడం తెలిసిన పాలియేటివ్ టీమ్ కావాలి, కేర్‌టేకర్ దానికి తోడు. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది, ఇంటికి కూడా వస్తారు. తెలంగాణలో జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ సెంటర్లున్నాయి, ఇంటికి టీమ్ వస్తుంది, మీ జిల్లా ఆస్పత్రిలో అడగండి. మార్ఫిన్ ఇస్తే ఆ టాబ్లెట్లు ఇంటివాళ్ళ దగ్గరే తాళం వేసి ఉంచి లెక్క రాయండి. దాంతో మలబద్ధకం తప్పదు, మోషన్ మందు కూడా రాయించుకోండి.

మనిషిని మార్చేటప్పుడు, మాన్పించేటప్పుడు ఏం చూసుకోవాలి?

వీలైతే కొత్త మనిషి, పాత మనిషి ఒక పూట కలిసి ఉండేలా చూడండి, పేషెంట్‌కి ఏ వైపు తిరిగితే నొప్పి, టీలో ఎంత చక్కెర, ఇలాంటివి ఏ బుక్కులోనూ ఉండవు. రోజువారీ బుక్కు మీ దగ్గరే ఉంచుకోండి, అది ఏజెన్సీది కాదు. తాళం చెవులు తీసుకోండి, వైఫై పాస్‌వర్డ్, గేటు కోడ్ మార్చండి, సెక్యూరిటీ దగ్గర పేరు తీయించండి. పనిచేసిన రోజుల డబ్బు ఏజెన్సీ లెక్క తేలేదాకా ఆపకుండా ఇప్పించండి, పేషెంట్‌కి చెప్పి వెళ్ళమనండి.